కొత్త సంచికల స్టాండు

అక్టోబర్ 3

ఆన్‌లైన్ జర్నల్స్ రెన్యువల్ కొటేషన్ వచ్చింది. ఏటా పెంచుతారు, అది తెలిసిందే. ఈసారి మాత్రం కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాను. అంకె మారలేదు.

ఈ వ్యాపారం గురించి ఎవరికైనా చెప్తే నమ్మరు. మా యూనివర్సిటీ మాస్టార్లు ఊరికే వ్యాసాలు రాసిస్తారు. ఒకరివి ఒకరు ఊరికే దిద్దిపెడతారు. పబ్లిషర్ వాటిని వెబ్‌సైట్‌లో పెట్టి, చదువుకోవాలంటే కట్టమని మా లైబ్రరీ మీదే కూర్చుంటాడు. మన పెరట్లో కాయ కోసి మనకే అమ్మడం. పోనీ కావలసిన జర్నల్స్ ఏరుకుంటామంటే అదీ కుదరదు, మొత్తం ప్యాకేజీ కొనాల్సిందే. పాలు కావాలంటే గేదెతోపాటు కొట్టం కూడా కొనమన్నట్టు.

జర్నల్స్ సెక్షన్ నాది. ఈ గొడవంతా నా నెత్తిమీదే. ఈ ఏడాది ఆరు యూనివర్సిటీల లైబ్రరీలు ఒక్కమాట మీదున్నాయి. గడువు డిసెంబర్ 31. ధర దిగకపోతే వదిలేద్దామని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

పదకొండింటికి అక్క టీ తెచ్చి నా బల్లమీద పెట్టింది. ఇవాళ టీ నాది అంది. ఒక మంచి విషయం ఉందే పిల్లా, ఇంటికెళ్ళాక నిదానంగా చెప్తా అంది. కొటేషన్‌లోంచి తలెత్తకుండానే సరే అన్నాను. యాభై ఆరేళ్ళొచ్చినా నేను పిల్లనే.

అక్టోబర్ 7

కమిటీ మీటింగ్. పబ్లిషర్ తరఫున టై బాబు వచ్చాడు. ఆ పేరు నేను పెట్టిందే. ఎండలు మాడ్చేస్తున్నా అతని మెడలో టై ఊడదు. మనిషి మర్యాదస్తుడే, తిట్టడానికి వీలివ్వడు.

బేరం అంతా వాడకం లెక్క మీద నడుస్తుంది. ఎవరైనా ఒక వ్యాసం తెరిస్తే ఒకటి. చెయ్యి తగిలి రెండుసార్లు నొక్కితే అదీ ఒకటే. రేపొచ్చి మళ్ళీ తెరిస్తే మాత్రం ఇంకొకటి. వాడకం లేని జర్నల్‌కి డబ్బెందుకు తగలెయ్యాలని నేను వాదిస్తాను. మీ దగ్గర వాడకం పెరిగింది కాబట్టి ధర పెరిగిందని టై బాబు వాదిస్తాడు.

ఇవాళ అతను తెరమీద ఒక గీత చూపించాడు. చిన్న జర్నల్ అండీ, ప్రపంచంలో చదివేవాళ్ళే తక్కువ, మీ దగ్గర మాత్రం ఈ ఏడాది ఎలా లేచిందో చూడండి అన్నాడు. చూస్తే లైకెన్ల జర్నల్. అక్క జర్నల్. అవతలి పక్షం మాట అని మర్చిపోయి నవ్వేశాను.

అదే రోజు, సాయంత్రం

బస్సులో అక్కకి చెప్పాను. నీ లైకెన్లని ఇంకెవరో చదువుతున్నారు, రోజూ తెరుస్తున్నారు అని. అక్క సీట్లో పూర్తిగా నావైపు తిరిగింది. ఎవరు, ఎవరి స్టూడెంటు, నాకు పరిచయం చెయ్యి అంది. చిన్నపిల్లలా నా మోచెయ్యి పట్టుకుని ఊపింది.

లైకెన్లంటే రాళ్ళమీదా పాతగోడలమీదా బూడిదరంగు మచ్చల్లా అతుక్కుని పెరుగుతాయే, అవి. అక్క ఇక్కడే బోటనీ చెప్పి రిటైరైంది. ముప్ఫయ్యేళ్ళ క్రితం ఒక లైకెన్ చూసి, ఇది వేరే జాతి, ఎవరూ ఇంతవరకు గుర్తించలేదు అని రాసింది. దానికి అమ్మ పేరు పెట్టింది. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. మామూలు రకమే ముదిరిపోయి అలా కనిపించిందని నిండు సభలో నవ్వారట. ఆ తర్వాత అక్క దాని ఊసెత్తలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదు. అక్క మాట మాత్రం కడుపులోంచి రావాలంటే ముహూర్తం చూడాలి.

రిటైరయ్యాక కూడా రోజూ నాతోపాటే బస్సెక్కుతుంది. రెండో అంతస్తు రీడింగ్ రూమ్‌లో కిటికీ పక్క కంప్యూటర్ ఆమెది. సాయంత్రం నాతోపాటే ఇల్లు. ఇంట్లో మేమిద్దరమే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. నాది చేసుకున్నాయనతోపాటే పోయింది.

అక్టోబర్ 14

ఇంట్లో ఉప్పు పాకెట్లు వరసగా నిలబడ్డాయి. ఉప్పు అయిపోయిందని అక్క రోజూ తెస్తోంది. ఏం, ఉప్పుకొట్టు పెడదామా అని కసిరాను.

అక్టోబర్ 22

అక్కకి పరిచయం చేద్దామని ఆ లైకెన్ల స్టూడెంటు కోసం బోటనీకి వెళ్ళాను. అలాంటివాళ్ళెవరూ లేరన్నారు. ఇప్పుడు లైకెన్ల మీద ఎవరూ పనిచెయ్యట్లేదట. మీ అక్కగారే ఆఖరు అన్నాడు అక్కడి గుమాస్తా.

మరి రోజూ తెరుస్తున్నది ఎవరు?

అక్టోబర్ 24

ఎవరు ఏం చదువుతున్నారో మేం చూడం. అది లైబ్రరీ ధర్మం. మనిషి పేరు అడగలేదు. ఏ కంప్యూటర్ నుంచో చెప్పమని మా కంప్యూటర్ సెక్షన్ వాళ్ళని అడిగానంతే.

రెండో అంతస్తు, కిటికీ పక్కది.

ఒక్కటే వ్యాసం. మళ్ళీ మళ్ళీ అదే. ఆదివారాలూ సెలవులూ తప్ప రోజూ ఉదయం, కొత్తగా తెరిచినట్టు.

అక్టోబర్ 25, ఉదయం 10

పుస్తకాల బీరువాల వెనక నిలబడి చూశాను. సొంత అక్కని దొంగచాటుగా చూడాల్సివచ్చింది.

అక్క కూర్చుంది. జర్నల్ పేజీ తెరిచింది. పేజీ పైన, ఎక్కువమంది చదివినవి అని ఒక వరస ఉంటుంది. అందులో మొదటిది ఆ వ్యాసమే. దాన్నక్కడ నిలబెడుతున్నది తనేనని ఆమెకి తెలీదు. కళ్ళజోడు సర్దుకుని దాన్ని నొక్కింది.

కాసేపటికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముందుకి వంగింది. వెనక్కి వాలింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఎవరికైనా చెప్పాలన్నట్టు చుట్టూ చూసింది. పక్క కుర్చీలో ఉన్న కుర్రాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఉన్నాడు. అక్క లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, క్యాంటీన్ వైపు వెళ్ళింది.

నేను పరిగెత్తి నా కుర్చీలో కూర్చున్నాను. టీ వచ్చింది. ఇవాళ టీ నాది అంది. ఒక మంచి విషయం ఉందే, ఇంటికెళ్ళాక నిదానంగా చెప్తా అంది.

అదే రోజు, మధ్యాహ్నం

వ్యాసం నేనూ చదివాను. సగం అర్థం కాలేదు, కావలసింది అయింది. ఎక్కడో దూరదేశంలో ఎవరో అమ్మాయి, కొత్త పరీక్షలన్నీ చేసి తేల్చింది. అక్క చెప్పింది నిజమే. అది వేరే జాతే. అమ్మ పేరు నిలబడింది. అక్క పేరు, ఆమె రాసిన సంవత్సరం, ఆమె ముందే గుర్తించిందన్న వాక్యం. అచ్చులో.

అంటే అక్క రోజూ ఉదయం గెలుస్తోంది. సాయంత్రం బస్సు దిగేలోపు మర్చిపోతోంది. నేను ఒక్కరోజైనా, ఏమిటక్కా ఆ మంచి విషయం అని అడగలేదు. ఒక్కరోజు.

అక్టోబర్ 26

ఆదివారం. ఏమీ రాయబుద్ధి కావట్లేదు.

నవంబర్ 6

డాక్టర్ ఏవో బొమ్మలు గియ్యమన్నాడు, అక్క గీసింది. గడియారం గియ్యమంటే అంకెలన్నీ ఒకపక్కకే పోగుపడ్డాయి. అక్క నావైపు చూసి, వీళ్ళ కాగితం బాగాలేదే అంది. డాక్టర్ చెప్పిన పేరు ఇక్కడ రాయను. వెనక్కి తిరగదట. మెల్లగా ముదురుతుందా వేగంగానా అనేది ఆమె అదృష్టమట. సంతోషంగా ఉండే పనులు ఆపొద్దన్నాడు. అదొక్కటీ చెవిలో జోరీగలా తిరుగుతోంది.

నవంబర్ 19

మీటింగ్. టై బాబు మళ్ళీ ఆ గీత తీశాడు. మీ యూనివర్సిటీలో చిన్న సబ్జెక్టులకి ఎంత ఆదరణ ఉందో చూడండి అన్నాడు. అక్క మతిమరుపుని మాకు రేటు కట్టి అమ్ముతున్నాడు. అతనికి తెలీదు పాపం.

ఆ లెక్క తీసేయండి, అది పెరుగుదల కాదు, ఒక్కరే ఒక్కటే వ్యాసం రోజూ తెరుస్తున్నారు అన్నాను. చెప్పకపోతే అబద్ధం మీద బేరం జరుగుతుంది. ఫిజిక్స్ మాస్టారు పకపకా నవ్వాడు. ఎవరండీ ఆ పిచ్చిమాలోకం అన్నాడు.

నా చేతిలో పెన్ను మూత ఉంది. విరిగింది. నోరు అదుపులో పెట్టుకోండి మాస్టారూ అన్నాను. ఎందుకంత కోపమో ఎవరికీ అర్థం కాలేదు. టై బాబు మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయాడు.

డిసెంబర్ 5

టై బాబు నా గదికొచ్చాడు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. వాళ్ళ నాన్నగారు కూడా చివరి రోజుల్లో ఒకే పేపరు రోజూ చదివేవారట. మీటింగ్‌లో నా మొహం చూసి పోల్చుకున్నాడట. ఎవరని అడిగితే మా అక్క అని చెప్పాను. మేడమ్, మీరు రెన్యువల్ చేసినా మానినా, పెద్దావిడ ఒక్కరి లాగిన్ నేను ఉంచేస్తాను, మూడోకంటికి తెలియదు, బదులుగా నాకేమీ చెయ్యక్కర్లేదు అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. అందుకే కష్టమైంది. దుర్మార్గుడైతే గుమ్మం చూపించేదాన్ని.

ఆలోచించుకుని చెప్తానన్నాను.

డిసెంబర్ 8

వద్దని మెయిల్ పెట్టాను. వదిలేద్దామని అందరిముందూ ఎత్తే చెయ్యి, చాటుగా చాపలేను. పంపాక బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

డిసెంబర్ 18

ఆఖరి మీటింగ్. తాడో పేడో.

ఫిజిక్స్ మాస్టారు ఒక్క ఏడాది సర్దుకుపోదామన్నాడు. ఎలుక మీద కోపానికి ఇల్లు తగలబెట్టుకుంటామా అన్నాడు. సగం మంది తలలూపారు. నిజానికి ఆయన మాటలోనూ న్యాయం ఉంది, వ్యాసాలు లేకుండా ఆయన స్టూడెంట్లు పని ఎలా చేస్తారు. డీన్ చివర్న నన్నడిగారు. మీరు ఎటంటే అటు అన్నారు.

ఎటంటే అటు. ఒక్క ఏడాది అంటే చాలు. ఒక ఏడాది పాటు అక్క రోజూ గెలుస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

కింద హాల్లో పాఠ్యపుస్తకాల బీరువాలు గుర్తొచ్చాయి. కొత్త పుస్తకం కొని ఎన్నేళ్ళయిందో. బడ్జెట్ మొత్తం ఈ ప్యాకేజీయే మింగుతోంది. అట్టలూడిన పుస్తకం కోసం పిల్లలు వంతులేసుకుంటున్నారు. వచ్చే ఏడు ఇంకా పెంచుతాడు, అప్పుడూ ఒక్క ఏడాదే అంటాం.

వదిలేద్దాం అన్నాను. చప్పట్లు కొట్టారు కొందరు. వాళ్ళ మీద ఎందుకో ఒళ్ళు మండింది.

డిసెంబర్ 30

సొంతానికి ఒక ప్రింటు తీసుకోవచ్చని లైసెన్స్‌లో ఉంది. తీసుకున్నాను. ఒక్కటే.

జనవరి 2, ఉదయం 11

టీ రాలేదు. అక్కే వచ్చింది, చేతులు నలుపుకుంటూ. తెరమీద, మీకు అనుమతి లేదు అని వస్తోందట. నన్ను తీసేశారా పిల్లా, నేనేం తప్పు చేశాను అని అడిగింది.

లేదక్కా, అందరికీ ఆపేశారు అన్నాను. ఓహో అంది. తేరుకుంది.

జనవరి 3

నన్ను తీసేశారా పిల్లా, నేనేం తప్పు చేశాను.

జనవరి 5

మళ్ళీ. ఇంతవరకూ రోజూ కొత్త సంతోషం, ఇప్పుడు రోజూ కొత్త అవమానం. అది చేసింది నేను. ఈ చేతులతో.

జనవరి 6

తెలివితక్కువపని చేశాను. ప్రింటు తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాను. ఇది చూడక్కా, నీ లైకెన్ నిజమేనట, తేల్చేశారు అని మొత్తం గడగడా చెప్పేశాను.

అక్క కాగితాలు తిప్పింది. నీకు ముందే తెలుసా అంది. తెలుసన్నాను. మంచిదే అంది. మొహంలో దీపం వెలగలేదు. కాగితాలు మడిచి బల్లమీద పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆమెకి కావలసింది ఆ కబురు వినడం కాదు. తను కనుక్కోవడం, తను నాకు చెప్పడం. ఆ రెండోది ఇంకా జరగలేదు, దాన్ని కూడా నేను లాక్కున్నాను. ఎప్పుడూ ఉండే తొందరే. చిన్నప్పుడు నాకు జడలేస్తూ పొడుపుకథ చెప్పేది. నేను జవాబు ముందే అరిచేస్తే జడ లాగేది.

పోనీలే, రేపటికి మర్చిపోతుంది. ఇలాంటి మాట రాసుకునే రోజొస్తుందనుకోలేదు.

జనవరి 8

మెట్ల పక్కన కొత్త సంచికల స్టాండు ఉంది. పూర్వం జర్నల్స్ కాగితం మీద వచ్చే రోజుల్లో, పోస్టు రాగానే ముద్ర కొట్టి, తేదీ చీటీ గుచ్చి, అందులో నిలబెట్టేవాళ్ళం. మాస్టార్లు కాఫీకి ముందు దానిచుట్టూ మూగేవాళ్ళు. అక్క అయితే పోస్టుమాన్ వచ్చే వేళకే కాపు కాసేది. అన్నీ కంప్యూటర్‌లోకి పోయాక అది ఖాళీ. ఎవరో గొడుగులు తగిలిస్తున్నారు.

గొడుగులు తీసేశాను. తుడిచాను. ప్రింటుకి గట్టి అట్ట కుట్టి, ఇవాళ్టి తేదీ చీటీ గుచ్చి, మధ్య అరలో నిలబెట్టాను. ఫిజిక్స్ మాస్టారు అటు వెళ్తూ, ఏంటండీ వెనక్కి నడుస్తున్నామా అన్నాడు. అవును మాస్టారూ అన్నాను.

జనవరి 9, ఉదయం 11

అక్క మెట్లెక్కబోతూ ఆగింది. పాత అలవాటు కాళ్ళలో ఉండిపోయినట్టుంది. చీటీ మీద తేదీ చూసింది. తీసుకుంది. అక్కడే నిలబడి చదివింది, తర్వాత మెట్లమీదే కూర్చుని చదివింది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ పక్కనుంచి వెళ్ళారు.

టీ వచ్చింది. ఇవాళ టీ నాది అంది.

ఏమిటక్కా విశేషం అని అడిగాను. ఇంటికెళ్ళాక నిదానంగా చెప్తా అంది. ఇక్కడే చెప్పు, ఇప్పుడే చెప్పు, నాకేం పని లేదు అన్నాను. తలుపు వేసి వచ్చి కూర్చున్నాను.

చెప్పింది. మొదటినుంచీ. ఆ గోడ ఎక్కడుందో, ఆ రోజు వాన ఎలా పడిందో, సభలో ఎవరు ముందు నవ్వారో, అమ్మ పేరు ఎందుకు పెట్టిందో. అమ్మ చీర ఒకటి ఆ రంగులో ఉండేదట, నాకు గుర్తులేదు. చివర్న కాగితం మీద వేలు పెట్టి చూపించింది. చూశావా, నిజమే అన్నారు అంది. అక్కని పట్టుకుని ఏడ్చాను. ఇంత సంతోషానికి ఏడుస్తారటే అంది, తనూ ఏడుస్తూ.

జనవరి 21

రోజూ పదకొండింటికి తలుపు వేస్తాను. కొన్నిరోజులు గోడ దగ్గర మొదలుపెడుతుంది, కొన్నిరోజులు సభ దగ్గర. మొదటిసారి విన్నట్టు నటించక్కర్లేదు. ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తది ఉంటుంది.

తను ముందే గుర్తించిందన్న ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీస్తుంది. సాయంత్రం ఆమె బస్టాపుకి నడుస్తుండగా నేను వెనక ఉండి రబ్బరుతో చెరిపేస్తాను. మర్నాటి తేదీ చీటీ గుచ్చి మళ్ళీ స్టాండులో పెడతాను. జర్నల్స్ సెక్షన్‌కి ఇప్పుడు ఉన్న పెద్ద పని ఇదే.

ఫిబ్రవరి 12

ఆరు యూనివర్సిటీలూ ఇంకా కట్టు తప్పలేదు. మాస్టార్లు వ్యాసాలు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకుంటున్నారు. తిడుతూనే తెచ్చుకుంటున్నారు. పబ్లిషర్ కొంచెం దిగాడు, ఇంకొంచెం దిగుతాడట. టై బాబు వచ్చి ఆ సంగతి చెప్పి, వెళ్తూ స్టాండు దగ్గర ఆగాడు. చీటీ మీద ఆ రోజు తేదీ చూసి, ప్రింటుని తిన్నగా నిలబెట్టి వెళ్ళాడు.

పాఠ్యపుస్తకాలకి ఆర్డరు పెట్టాం. మంచిపనే. గెలిచినట్టు మాత్రం లేదు.

ఫిబ్రవరి 26

గీత గీసిన చోట కాగితం పలచబడింది. వెలుగులో పెడితే అటుపక్క అక్షరాలు కనిపిస్తున్నాయి.

మార్చి 5

ఇవాళ అక్క చెప్పినదాంట్లో సభలో నవ్విన వాళ్ళ పేర్లు రాలేదు. గోడ ఎక్కడిదో రాలేదు. అమ్మ చీర రంగు వచ్చింది.

మార్చి 11

టీ ఒక్కటే తెచ్చింది. ఎవరికో గుర్తు రాక, బల్లమీద పెట్టి నిలబడింది. చల్లారాక ఇద్దరం చెరిసగం తాగాం.

మార్చి 16

ఇవాళ చెరపడానికి గీత లేదు.

మార్చి 17

స్టాండు దాటి వెళ్ళిపోయింది. చీటీ వైపు చూడలేదు.

మార్చి 19, ఉదయం 11

రెండు టీలు నేనే తెచ్చాను. కిటికీ పక్క కూర్చుని ఉంది. అక్కా, ఒక మంచి విషయం అన్నాను. చెప్పమంది.

ముప్ఫయ్యేళ్ళ క్రితం ఒకావిడ గోడమీద ఒక లైకెన్ చూసి ఇది వేరే జాతి అందట, అందరూ నవ్వారట, ఇప్పుడు నిజమేనని తేలిందట అన్నాను. అది నేనే అంటుందని ఆగాను.

టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. పాపం, ఆవిడకి ఎవరైనా చెప్పారా అంది.

చెప్పామక్కా అన్నాను.

సంతోషించిందా అంది.

రోజూ నాకు టీ ఇప్పించింది అన్నాను.